రేడియో పెట్టె మూత తీసే హక్కు: మాంగో మేడ నుంచి హైదరాబాద్ బిట్‌ఎక్స్ దాకా

సువర్ణరేఖ మీద వంతెన దాటితే మాంగో. జంషెడ్‌పూర్‌లో భాగంగానే అందరూ చెప్పుకుంటారు గానీ టాటా కంపెనీ లీజు భూముల పరిధిలోకి ఇది రాదు. పురపాలక సంస్థ వేరు, కరెంటు వేరు. సాక్చీ, బిస్టుపూర్‌లలో ఇళ్లకు కంపెనీ కరెంటు వస్తుంది. మాంగోకు వచ్చేది రాష్ట్ర విద్యుత్ సంస్థ కరెంటు. కోత పెట్టినప్పుడల్లా నదికి ఆ ఒడ్డు, ఈ ఒడ్డు తేడా తెలిసిపోతుంది. వానాకాలంలో ఎగువన చాండిల్ జలాశయం గేట్లు ఎత్తారంటే ఒడ్డున ఉన్న పల్లపు బస్తీల వాళ్లకు కంటి మీద కునుకుండదు.

ఉత్తరాంధ్ర నుంచి ఉక్కు కర్మాగారం పనికి వచ్చి తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకు జంషెడ్‌పూర్ పరాయి ఊరేమీ కాదు. బిస్టుపూర్ రామమందిరమే అందుకు సాక్ష్యం. అలాంటి ఊళ్లో, మాంగో లాంటి ఇరుకు పేటలో, మేడ మీద ఒక రాగి తీగ కట్టి 12 వోల్టుల బ్యాటరీతో నడిచే చిన్న హామ్ ట్రాన్స్‌సీవర్ పెట్టుకుంటే దానివల్ల ఏం ఒరుగుతుంది? ఆ పెట్టెను ఇంట్లోనే విప్పి, మార్చి, మెరుగుపరచుకోవడం ఎంతవరకు సాధ్యం, ఎంతవరకు సబబు?

ఇది అభిరుచి గల కొద్దిమందికే సంబంధించిన ప్రశ్నలా కనిపించవచ్చు. కానీ 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం వచ్చాక, 2025 మే నెలలో వాకీటాకీల ఆన్‌లైన్ అమ్మకాలపై కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 13 నోటీసులు జారీ చేశాక, రేడియో పరికరం ఎవరి చేతిలో ఉండాలన్న చర్చ మళ్లీ మొదటికొచ్చింది. ఆ చర్చలో ఎక్కువగా వినిపించేది కొనడం, అమ్మడం గురించే. తయారుచేయడం, మార్చడం గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. హామ్ రేడియోకు ప్రాణం మాత్రం అక్కడే ఉంది.

విప్పడానికి అనుమతి ఉన్న ఒకే ఒక రేడియో

ఇంట్లోని వైఫై రౌటర్, జేబులోని ఫోన్, కారు తాళం చెవి అన్నీ రేడియో ట్రాన్స్‌మిటర్లే. వీటిలో దేనినీ సొంతదారు విప్పి ప్రసార భాగాన్ని మార్చకూడదు. తయారీదారు పరీక్షించి, ధ్రువీకరించి, మూత బిగించి ఇస్తాడు. అంతే. హామ్ రేడియో దీనికి మినహాయింపు. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ల సంఘం నిబంధనల్లోని నిర్వచనం ప్రకారం ఈ సేవ ఉన్నదే స్వీయ శిక్షణ కోసం, పరస్పర సంభాషణ కోసం, సాంకేతిక పరిశోధన కోసం. డబ్బు సంపాదనకు తావు లేదు. ఇక్కడ ధ్రువీకరణ పెట్టెకు కాదు, మనిషికి. పరీక్ష రాసి నెగ్గినవాడు సొంతంగా ట్రాన్స్‌మిటర్ కట్టుకోవచ్చు. దాని నుంచి వెలువడే ప్రతి తరంగానికీ పూచీ కూడా అతనిదే.

మన దేశంలో ఈ పరీక్షను కేంద్ర టెలికాం శాఖలోని వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ విభాగం నిర్వహిస్తుంది. పన్నెండేళ్లు నిండితే రాయవచ్చు. రేడియో సిద్ధాంతం, నిబంధనలు అని రెండు భాగాలుంటాయి. రిస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కు మోర్స్ అక్కర్లేదు. జనరల్ గ్రేడ్‌కు నిమిషానికి 8 పదాల వేగంతో మోర్స్ వినడం, పంపడం రావాలి. వీయూ3తో మొదలయ్యే పిలుపు సంకేతం మొదటివాళ్లది, వీయూ2 రెండోవాళ్లది. కోటిన్నర మందికి ఒకరున్నా ఎక్కువే అనిపించేంత అరుదైన విద్య కాదిది. అలాగని జనాభాతో పోల్చి చూస్తే మన లెక్క చెప్పుకోదగ్గదీ కాదు. అమెరికాలో ఏడు లక్షలకు పైగా లైసెన్సులుంటే మన దగ్గర వేలల్లోనే ఆగిపోయింది.

ఈ వెనుకబాటుకు కారణాల్లో పరికరం ధర ఒకటి. జపాన్ కంపెనీల ట్రాన్స్‌సీవర్లు వందల డాలర్ల నుంచి వేల డాలర్ల దాకా ఉంటాయి. దాని మీద సుంకం, దిగుమతి అనుమతి. అందుకే మన దేశపు హామ్‌లు మొదటి నుంచీ పాత సైనిక మిగులు సరుకుతోనో, పాత రేడియోల నుంచి పీకిన భాగాలతోనో సొంతంగా కట్టుకోవడానికి అలవాటుపడ్డారు. ఒక రకంగా లేమి నేర్పిన విద్య. దాన్ని ప్రపంచం మొత్తం వాడుకునే డిజైన్‌గా మలిచింది మాత్రం హైదరాబాద్.

కుళాయి వాషర్ల మీద చుట్టిన కాయిల్

హైదరాబాద్‌కు చెందిన అష్హర్ ఫర్హాన్ పిలుపు సంకేతం వీయూ2ఈఎస్‌ఈ. బంజారాహిల్స్‌లోని లామకాన్ సాంస్కృతిక వేదిక వ్యవస్థాపకుల్లో ఒకరిగా నగరవాసులు ఆయన్ను ఎరుగుదురు. 2000ల తొలి ఏళ్లలో ఆయన రూపొందించిన బిట్‌ఎక్స్20 అనే ట్రాన్స్‌సీవర్‌లో ఖరీదైన భాగమంటూ ఒక్కటీ లేదు. ఏ ఎలక్ట్రానిక్స్ దుకాణంలోనైనా దొరికే చిల్లర ట్రాన్సిస్టర్లు, కంప్యూటర్లలో వాడే 10 మెగాహెర్ట్జ్ క్రిస్టల్స్. కాయిల్స్ చుట్టడానికి ప్రత్యేకమైన కోర్ దొరకకపోతే కుళాయిలో వేసే వాషర్ మీద చుట్టుకోమని చెప్పే డిజైన్ అది. మాటవరసకు కాదు, నిజంగానే అలా చుట్టి పనిచేయించారు.

దాని అసలు తెలివి వేరే చోట ఉంది. మామూలు ట్రాన్స్‌సీవర్‌లో వినడానికి ఒక దారి, పంపడానికి ఇంకో దారి ఉంటాయి. బిట్‌ఎక్స్‌లో రెండింటికీ ఒకటే దారి. యాంప్లిఫయర్ దశలన్నీ రెండు దిక్కుల్లోనూ పనిచేసేలా కట్టారు. మైక్ బొత్తాం నొక్కితే సిగ్నల్ అదే క్రిస్టల్ ఫిల్టర్ గుండా వెనక్కి ప్రయాణిస్తుంది. భాగాలు దాదాపు సగానికి తగ్గుతాయి. అంతకంటే ముఖ్యంగా, కట్టేవాడికి వినే వైపు పనిచేయడం మొదలైందంటే పంపే వైపు పని కూడా సగం అయిపోయినట్టే. పొరపాటు ఎక్కడుందో వెతకడం తేలికవుతుంది.

2016లో ఇది బిట్‌ఎక్స్40 అనే సిద్ధమైన బోర్డుగా వచ్చింది. 7 మెగాహెర్ట్జ్ బ్యాండ్ ఒక్కటే, 7 వాట్ల శక్తి, 60 డాలర్ల లోపు ధర. 2017 డిసెంబరులో వచ్చిన మైక్రో బిట్‌ఎక్స్ 3 నుంచి 30 మెగాహెర్ట్జ్ వరకు అన్ని హామ్ బ్యాండ్లలోనూ పనిచేస్తుంది. అప్పటి ధర 110 డాలర్ల లోపే. హైదరాబాద్‌లోని మహిళల బృందం చేతితో కాయిల్స్ చుట్టి, బోర్డులు పరీక్షించి పంపిస్తే అవి అమెరికా, యూరప్, జపాన్ చేరాయి. సర్క్యూట్ బొమ్మ బహిరంగం, సాఫ్ట్‌వేర్ బహిరంగం. పెట్టె ఇవ్వరు. బోర్డు, కనెక్టర్లు ఇస్తారు. పెట్టె మీ ఇష్టం. మిఠాయి డబ్బాలో పెట్టినవాళ్లున్నారు.

వస్తువు అసంపూర్ణంగా ఉండటమే ఇక్కడి ప్రత్యేకత. బిట్‌ఎక్స్40లో దగ్గరి స్టేషన్ గట్టిగా వినపడితే చెవులు పగిలిపోయేవి. సిగ్నల్ బలాన్ని బట్టి ధ్వనిని సర్దే ఏజీసీ అందులో లేదు. మొదట్లో వచ్చిన బోర్డుల్లో ట్యూనింగ్ వేడికి మెల్లగా జారేది. బ్యాటరీ తీగలు తారుమారు చేస్తే బోర్డు కాలిపోయేది. వీటన్నిటికీ కొన్నవాళ్లే మందు కనిపెట్టారు. ఆర్డునో నానో, ఎస్‌ఐ5351 చిప్‌తో చేసిన చిన్న డిజిటల్ ట్యూనింగ్ బోర్డు వచ్చాక జారుడు పోయింది. రెండు మూడు ట్రాన్సిస్టర్లతో ఏజీసీ తగిలించుకున్నారు. పది రూపాయల డయోడ్, ఒక ఫ్యూజు పెట్టుకుంటే తారుమారు తీగల భయం లేదు. ఇంటి మెరుగుదలలన్నిటిలో అతి చవకైనదీ, అందరూ చివరికి వాయిదా వేసేదీ ఆ ఫ్యూజే.

మరో మైక్రో బిట్‌ఎక్స్ తొలి బోర్డుల్లో ధ్వని కోసం పెట్టిన చిప్‌లలో ఒక తయారీదారు సరుకు 12 వోల్టుల దగ్గరే పటపటా పేలిపోయింది. తరువాతి బోర్డుల్లో చిప్‌ను తీసేసి మామూలు ట్రాన్సిస్టర్లతో కట్టారు. ఇంతవరకు కథ సాఫీగానే ఉంది. నష్టం జరిగితే కొన్నవాడికే జరిగింది, బాగుచేసుకున్నది కూడా అతనే.

పక్కవాడి గాలిలోకి పోయే చెత్త

2018లో బయటపడిన సమస్య అలాంటిది కాదు. మైక్రో బిట్‌ఎక్స్ పంపే సిగ్నల్‌తో పాటు పంపకూడనివి కూడా వెలువడుతున్నాయని కొలత పరికరాలున్న కొందరు వినియోగదారులు గమనించారు. ఇక్కడ కాస్త వివరంలోకి వెళ్లాలి. ఇంట్లో ట్రాన్స్‌సీవర్ మార్చాలనుకునే ప్రతివాడికీ ఇది అసలు పాఠం.

7 మెగాహెర్ట్జ్ మీద మాట్లాడే ఏ ట్రాన్స్‌మిటరైనా లోపల 14, 21, 28 మెగాహెర్ట్జ్‌ల మీద కూడా కొంత శక్తిని పుట్టిస్తుంది. వీటిని హార్మోనిక్స్ అంటారు. వాటిని ఆపడానికి యాంటెన్నాకు ముందు ఒక లో పాస్ ఫిల్టర్ ఉంటుంది. మైక్రో బిట్‌ఎక్స్‌లో బ్యాండ్లను బట్టి ఇలాంటి ఫిల్టర్లు మారాలి కనుక రిలేలు పెట్టారు. తొలి బోర్డుల్లో ఫిల్టర్‌లోకి వెళ్లే దారి, బయటికి వచ్చే దారి రెండూ ఒకే రిలే గుండా పోయాయి. రిలే లోపలి రేకుల మధ్య ఖాళీ మిల్లీమీటర్లలో ఉంటుంది. అధిక పౌనఃపున్యానికి ఆ ఖాళీ గోడ కాదు, కిటికీ. ఫిల్టర్ ఎంత మంచిదైనా సిగ్నల్ పక్క నుంచి దూకి బయటికి వచ్చేసింది.

రెండోది ఇంకా మొండిది. ఈ సెట్‌లో సిగ్నల్ మధ్యలో 45 మెగాహెర్ట్జ్‌గా మారుతుంది. 28 మెగాహెర్ట్జ్ మీద మాట్లాడుతున్నప్పుడు 45లో నుంచి 28 తీసేయగా వచ్చే 17 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక దొంగ సిగ్నల్ పుట్టింది. 30 మెగాహెర్ట్జ్ పైన ఉన్నదాన్ని ఆపే ఫిల్టర్ 17ను ఎలా ఆపుతుంది? ఆపదు. దర్జాగా యాంటెన్నా దాకా పోతుంది.

అమెరికా నిబంధనల ప్రకారం 30 మెగాహెర్ట్జ్ లోపు ట్రాన్స్‌మిటర్లలో ఇలాంటి అవాంఛిత ప్రసారం అసలు సిగ్నల్ కంటే కనీసం 43 డెసిబెల్స్ కిందికి ఉండాలి. అంటే సుమారు ఇరవై వేలలో ఒక వంతు. 10 వాట్లు పంపే సెట్‌లో అర మిల్లీవాట్. తొలి మైక్రో బిట్‌ఎక్స్‌లు కొన్ని బ్యాండ్లలో ఈ గీత దాటలేకపోయాయి. పరిష్కారం కూడా వాడేవాళ్ల బల్లల మీదే పుట్టింది. రిలేలను మార్చినవాళ్లు, అదనంగా రిలే బోర్డు కట్టినవాళ్లు, కాయిల్స్‌ను మార్చి 45 మెగాహెర్ట్జ్ దగ్గర అదనపు ఫిల్టర్ పెట్టినవాళ్లు. ఆ ప్రయోగాలన్నీ చూశాక ఐదో వెర్షన్ బోర్డులో రిలేల అమరికనే మార్చారు.

ఈ ఉదంతాన్ని రెండు రకాలుగా చదవవచ్చు. ఇంట్లో చేసిన రేడియోల మీద నమ్మకం పెట్టుకోకూడదని ఒకటి. మూత బిగించిన పెట్టెలో ఇదే లోపం ఉంటే ఎవరికీ తెలిసేది కాదని రెండోది. చవకగా దొరికే చైనా చేతి వాకీటాకీల్లో ఇలాంటి చెత్త ప్రసారాలు ఉన్నాయని హామ్‌లు ఏళ్ల తరబడి కొలిచి చూపిస్తూనే ఉన్నారు. వాటిని కొన్నవాళ్లలో ఎందరు బాగుచేయగలిగారు? రెండో చదువే సరైనదని చెప్పడానికి ఇదొక్కటి చాలు. కాకపోతే ఒక షరతు ఉంది: మార్చేవాడికి కొలవడం వచ్చి ఉండాలి.

కొలవడం ఇప్పుడు ధనవంతుల విద్య కాదు. నానోవీఎన్‌ఏ అనే అరచేతి పరికరం ఫిల్టర్ ఎక్కడ కోస్తోందో, యాంటెన్నా ఎక్కడ కుదురుతోందో చూపిస్తుంది. టైనీఎస్‌ఏ అనే మరొకటి హార్మోనిక్స్‌ను తెర మీద గీసి చూపిస్తుంది. రెండూ కొన్ని వేల రూపాయల వ్యవహారం. ఒకప్పుడు ఈ పనికి లక్షల ఖరీదు చేసే ప్రయోగశాల పరికరం కావాలి. వెయ్యి ఓమ్‌ల రెండు వాట్ల రెసిస్టర్లు 20 తీసుకుని సమాంతరంగా అతికిస్తే 50 ఓమ్‌ల డమ్మీ లోడ్ తయారవుతుంది. గాలిలోకి ఏమీ పంపకుండా పరీక్షించుకోవడానికి అది చాలు. పరీక్ష లేకుండా కొత్త మార్పును నేరుగా యాంటెన్నాకు తగిలించడం, బ్రేకులు చూసుకోకుండా బండిని రోడ్డెక్కించినట్టే.

మాంగో మేడ మీద లెక్క

ఇప్పుడు మాంగోకు వద్దాం. ఇలాంటి సెట్ తెచ్చుకున్న ఎవరికైనా మొదట పుట్టే కోరిక శక్తి పెంచుకోవడం. బిట్‌ఎక్స్40లో చివరి దశలో ఉండేది ఐఆర్‌ఎఫ్510 అనే మాస్‌ఫెట్. నిజానికి అది రేడియో కోసం తయారైంది కాదు, కరెంటు స్విచ్‌గా వాడేది. చవక కాబట్టి వాడారు. దానికి విడిగా 24 వోల్టులు ఇస్తే 7 వాట్లు కాస్తా 20 దాకా వెళతాయి. వినడానికి మూడింతలు. అవతల వినేవాడికి మాత్రం అది 4.6 డెసిబెల్స్ పెరుగుదల. మీటరు మీద ఒక గీత అంటే 6 డెసిబెల్స్. అంటే ముల్లు ఒక గీత కూడా పూర్తిగా కదలదు. ఈలోపు ఇవతల హీట్‌సింక్ సరిపోదు, బయాస్ కాస్త ఎక్కువ తిప్పితే మాస్‌ఫెట్ పోతుంది, దాని వెనుక రేకుకు అబ్రకపు పలక వేయడం మరిస్తే షార్ట్ అవుతుంది, హార్మోనిక్స్ కూడా పెరుగుతాయి. ఇంత కష్టానికి దక్కేది ముప్పాతిక గీత.

అదే కష్టం యాంటెన్నా మీద పెడితే ఫలితం వేరు. 7 మెగాహెర్ట్జ్ డైపోల్ అంటే మొత్తం 20 మీటర్ల తీగ, మధ్యలో తెంచి అటు పది, ఇటు పది. మాంగోలో ఇళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి కనుక ఒక్క మేడ మీద 20 మీటర్లు దొరకడం కష్టం. పక్క మేడ యజమానిని ఒప్పించాలి. లేదా తీగను తలకిందుల ‘వీ’ ఆకారంలో దించాలి. ఎత్తు గురించి దిగులక్కర్లేదు. మూడంతస్తుల ఎత్తున కట్టిన ఈ తీగ శక్తిని ఎక్కువగా పైకే పంపుతుంది. అది అయనోమండలాన్ని తాకి గొడుగులా కిందికి దిగి, పగటి వేళ కొన్ని వందల కిలోమీటర్ల చుట్టుపక్కలంతా వినిపిస్తుంది. గాలి దూరంలో రాంచీ వంద కిలోమీటర్ల పైచిలుకు, కోల్‌కతా రెండు వందల పైచిలుకు. రెండూ ఆ గొడుగు కిందే. విశాఖ 650 కిలోమీటర్ల దగ్గర అంచు మీద ఉంటుంది. వెయ్యి కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్‌తో మాటలు సాయంత్రం పొద్దువాలాక కుదురుతాయి. కొండలు, టవర్లు, సెర్వర్లు మధ్యలో ఏవీ ఉండవు.

మాంగో లాంటి చోట అసలు శత్రువు దూరం కాదు, రొద. ప్రతి ఇంట్లో ఇన్వర్టర్, ఎల్‌ఈడీ బల్బులు, ఫోన్ చార్జర్లు. వీటి లోపలి స్విచింగ్ సర్క్యూట్లు రోజంతా రేడియో రొదను వెదజల్లుతుంటాయి. 7 వాట్ల సిగ్నల్ వినిపించకపోవడానికి కారణం చాలాసార్లు అవతలివాడి బలహీనత కాదు, మన పేట గోల. అందుకే ఇంటి మెరుగుదలల్లో రేకు డబ్బాకు విలువ ఎక్కువ. బోర్డును లోహపు పెట్టెలో బిగించి, లోపలికి వచ్చే ప్రతి తీగకూ ఫెరైట్ పూస తొడిగి, యాంటెన్నా కేబుల్‌కు చోక్ చుడితే వచ్చే తేడా 20 వాట్లతో రాదు. తమాషా ఏమిటంటే కరెంటు పోయినప్పుడే మాంగోలో రేడియో బాగా వినిపించాలి. అయితే వెంటనే అన్ని ఇళ్లలోనూ ఇన్వర్టర్లు మొదలవుతాయి.

ఆ ఇన్వర్టరే ఇంకో రకంగా వరం. దాని కింద ఉన్న 150 ఆంపియర్ అవర్ బ్యాటరీ నుంచి ఇన్వర్టర్‌ను తప్పించి నేరుగా 12 వోల్టులు తీసుకుంటే, వినేటప్పుడు 200 మిల్లీఆంపియర్లకు మించి తీసుకోని ఈ సెట్ ఆ బ్యాటరీలో సగంతోనే పదిహేను రోజులు మేలుకుని ఉంటుంది. మాట్లాడేటప్పుడు రెండు ఆంపియర్ల పైన లాగుతుంది కాబట్టి ఆ మేరకు తగ్గించుకోవాలి. వరద రోజుల్లో సెల్ టవర్ల జనరేటర్లకు డీజిల్ అందని పరిస్థితితో ఈ లెక్కను పక్కపక్కన పెట్టి చూడాలి.

శక్తి పెంచకుండా ముందుకెళ్లే మరో దారి సాఫ్ట్‌వేర్. 2017లో వచ్చిన ఎఫ్‌టీ8 పద్ధతి రూపకర్తల్లో ఒకరు నోబెల్ బహుమతి పొందిన ఖగోళ శాస్త్రవేత్త జో టేలర్. 15 సెకన్ల విడతలుగా చిన్న సందేశాలు పంపే ఈ పద్ధతిలో చెవికి అసలు వినపడని సిగ్నల్‌ను కూడా కంప్యూటర్ చదివేస్తుంది. కాకపోతే సెట్ పౌనఃపున్యం నిలకడగా ఉండాలి. డిజిటల్ ట్యూనింగ్ బోర్డు పెట్టుకున్నవాడికి ఆ పని అయిపోయినట్టే. ఫర్హాన్ తరువాతి సెట్ ఎస్‌బిట్‌ఎక్స్‌లో రాస్ప్‌బెర్రీ పై కంప్యూటర్ లోపలే ఉంది. ఇకమీదట ఇంటి మార్పులు సోల్డరింగ్ ఐరన్‌తో కంటే కీబోర్డుతోనే ఎక్కువ జరుగుతాయి. దీని మీద పాతతరం హామ్‌లు కొందరికి అసంతృప్తి ఉంది. ఉండాల్సినంత కారణమేమీ కనపడదు.

ప్రభుత్వానికి ఎప్పుడూ ఉన్న అనుమానం

రేడియో పరికరం ఇంట్లో ఉంచుకోవడమే అనుమతి కావలసిన విషయం కావడం కొత్తేమీ కాదు. 1933 నాటి ఇండియన్ వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టమే లైసెన్సు లేకుండా పరికరం కలిగి ఉండటాన్ని నిషేధించింది. 1939లో యుద్ధం మొదలవగానే బ్రిటిష్ ప్రభుత్వం హామ్‌ల ట్రాన్స్‌మిటర్లను పోలీసులకు అప్పగించమంది. 1942 క్విట్ ఇండియా రోజుల్లో బొంబాయి నుంచి వినిపించిన రహస్య కాంగ్రెస్ రేడియో అంటే ఉషా మెహతా పేరు గుర్తొస్తుంది. ఆ ట్రాన్స్‌మిటర్ తయారీలో చేయి ఉన్న నారిమన్ ప్రింటర్ అప్పటికే హామ్. విడి భాగాలతో ఇంట్లో కట్టిన రేడియో అంటే పాలకులకు ఎందుకు గుబులో చెప్పడానికి వేరే ఉదాహరణ అక్కర్లేదు.

2023 చట్టం 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టాన్నీ 1933 చట్టాన్నీ పక్కకు జరిపి వచ్చింది. మూడో సెక్షన్ రేడియో పరికరం కలిగి ఉండటానికి అనుమతి తప్పనిసరి అంటుంది. అంటే పాత సూత్రం కొత్త మాటల్లో. హామ్‌ల రోజువారీ జీవితాన్ని నిర్ణయించేది చట్టం కంటే దాని కింద వచ్చే నియమాలు. 1978 అమెచ్యూర్ సర్వీస్ నియమావళే ఇంతకాలం వాళ్లకు ఆధారం. కొత్త చట్టం నీడలో దాన్ని ఎలా తిరగరాస్తారన్నదే కీలకం. 2025 నోటీసుల వెనుక ఉన్న ఆందోళన న్యాయమైనదే. లైసెన్సు అవసరమని చెప్పకుండా, ఏ పౌనఃపున్యం మీద పనిచేస్తుందో రాయకుండా ఎవరికి పడితే వాళ్లకు వాకీటాకీలు అమ్మడం పోలీసు, విమాన, అత్యవసర సేవల సిగ్నళ్లకు అడ్డం. అయితే ధ్రువీకరణ ముద్ర ఉన్న పెట్టె మాత్రమే చట్టబద్ధం అన్న ధోరణి అమ్మకాల నుంచి హామ్‌ల బల్ల మీదికి పాకితే, వాషర్ మీద కాయిల్ చుట్టుకునేవాడి దగ్గర ఏ ముద్ర ఉంటుంది? అతని ముద్ర అతను రాసిన పరీక్షే.

హామ్‌ల వైపు కూడా ఒక చెడ్డ అలవాటు ఉంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన సెట్లలో ఒక డయోడో, రెసిస్టరో పీకేస్తే హామ్ బ్యాండ్ల బయట కూడా ప్రసారం చేయగలుగుతాయి. ‘బ్యాండ్ తెరవడం’ అనే ఈ మార్పును గొప్పగా చెప్పుకునేవాళ్లు ఉంటారు. మెరుగుదల పేరుతో సాగే పనుల్లో ఇదొక్కటి సమర్థించలేనిది. జార్ఖండ్ లాంటి, మావోయిస్టు హింసను ఏళ్ల తరబడి చూసిన రాష్ట్రంలో మేడ మీద వింత తీగ కనిపిస్తేనే ఎవరైనా ఆరా తీస్తారు. లైసెన్సు కాగితం గోడకు తగిలించి ఉండటం, సెట్ తన హద్దుల్లోనే పలకడం అక్కడి హామ్‌కు నైతికతే కాదు, ప్రాణావసరం.

అవసరం నిజమా, అలంకారమా

హామ్ రేడియో గురించి రాసే ప్రతి వ్యాసంలో విపత్తుల ప్రస్తావన ఉంటుంది. కొంత అతిశయోక్తి కూడా ఉంటుంది. నేటి విపత్తు దళాలకు శాటిలైట్ ఫోన్లున్నాయి, పోలీసులకు సొంత వైర్‌లెస్ ఉంది. అయినా 2004 డిసెంబరు 26ను తీసివేయలేం. హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో 1983లో ఎస్. సూరి చొరవతో మొదలైంది. ఏళ్ల తరబడి హామ్ ప్రసారాలకు అనుమతి లేని అండమాన్‌కు ఆ సంస్థ తరఫున భారతీ ప్రసాద్ బృందం ఆ నెలలోనే వెళ్లింది. దూరదేశాల హామ్‌లతో మాట్లాడటానికి పోర్ట్ బ్లెయిర్‌లో స్టేషన్ పెట్టి కూర్చున్నారు. భూకంపం, సునామీ వచ్చి మామూలు ఫోన్లు మూగబోయాక, అదే స్టేషన్ దీవులకూ దేశానికీ మధ్య మాట మోసింది. విశాఖవాసులకు 2014 అక్టోబరు 12 గుర్తుంటుంది. హుద్‌హుద్ దాటాక ఫోన్ కలవక ఊరంతా అల్లాడింది.

అండమాన్‌లో పనికొచ్చింది యంత్రం ఒక్కటే కాదు. దాన్ని రోజూ వాడుతూ, ఏ వేళ ఏ బ్యాండ్ మీద ఎవరు వినిపిస్తారో తెలిసిన చేతులు. బీరువాలో దాచిన ఖరీదైన సెట్ వరద రోజున తీస్తే పనిచేయదు. పనిచేసినా అవతల పలికేవాడు ఉండడు. రాంచీలోనో కోల్‌కతాలోనో రోజూ పొద్దున్నే పలకరించే నలుగురు ఉంటేనే మాంగో మేడ మీది తీగకు అర్థం. పక్క రాష్ట్రంలో వెస్ట్ బెంగాల్ రేడియో క్లబ్ గంగాసాగర్ మేళాలో తప్పిపోయినవాళ్లను ఇళ్లకు చేర్చడంలో పేరు తెచ్చుకున్నది కూడా ఇలాంటి రోజువారీ అలవాటుతోనే.

భాగాల సంగతి చివరిగా. హైదరాబాద్‌లో ఉన్నవాడు కోఠీ గుజరాతీ గల్లీలో గంటసేపు తిరిగితే కావలసిన కెపాసిటర్ దొరుకుతుంది. జంషెడ్‌పూర్ వాడికి అంతటి మార్కెట్ కావాలంటే కోల్‌కతా చాందినీ చౌక్‌కు రైలెక్కాలి, లేదా ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి. అమ్మకాల మీద ఆంక్షలు బిగిస్తున్నప్పుడు పూర్తి ట్రాన్స్‌మిటర్‌కూ, విడి ట్రాన్సిస్టర్‌కూ, కొలత పరికరానికీ మధ్య గీత గీయవలసింది అక్కడే. అర్డునో బోర్డు, ఐఆర్‌ఎఫ్510, క్రిస్టల్ వీటిలో ఏదీ దానంతట అది రేడియో కాదు. మాంగోలో ఎవరో ఒకరు కూర్చుని వాటిని అతికించినప్పుడే అవుతుంది. ఆ పని చేసేవాడి పేరు, చిరునామా, రాసిన పరీక్ష మార్కులు ఇప్పటికే ప్రభుత్వం దగ్గర ఉన్నాయి.